సర్కారు కాగితం

పాల ప్యాకెట్ కత్తిరించడానికి హరికిషన్ మళ్లీ కుట్టుమిషను కత్తెరే తీసుకున్నాడు.

"అది బట్టలకని ఎన్నిసార్లు చెప్పాలె?" హిమజ అతని చేతిలోంచి కత్తెర లాక్కుని కొంగుతో తుడిచింది. "వంటింటి కత్తెర మేకుకు వేలాడుతనే ఉంది గద."

"అది తెగుతలేదు."

"తెగకపోతే సాన పట్టియ్యండి. నెల రోజులాయె చెప్పబట్టి."

"కత్తెరకు సుత మడి కట్టినవా ఏందీ? అంటింది పాలే గద, విషం కాదు."

మామూలుగా అయితే ఇలాంటి తగువు చాయ్ కంటే ముందే చల్లారేది. ఆ రోజు ఇద్దరికీ నవ్వు రాలేదు. ఇద్దరి చూపూ ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బా కింద దాచిన ఖాకీ కవరు మీదికే పోయింది.

"పొద్దుగాల్నే ఏం లొల్లి?" ముందు గదిలోంచి హరికిషన్ తండ్రి పర్వతాలు గొంతు వినిపించింది. "టపా ఏమన్న వచ్చిందా?"

"ఇంకా రాలే బాపూ," అన్నాడు హరికిషన్.

కవరు వచ్చి అప్పటికే ఒక రోజు దాటింది.

పర్వతాలుకు ఎనభై మూడేళ్లు. రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై ఐదేళ్లు గుమాస్తాగా చేసి పద్మారావు నగర్‌లో ఈ ఇల్లు కట్టాడు. ఆయన ఉయ్యాలలో ఉన్నప్పుడే తండ్రి బాలకిష్టయ్య మిలటరీలో లారీ డ్రైవరుగా చేరి బర్మా వైపు వెళ్లాడు. మళ్లీ రాలేదు. తల్లి కమలాబాయి బీడీలు చుట్టి కొడుకును పెంచింది. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకునేది. పెత్రమాస నాడు అందరూ పోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం ఇస్తుంటే తనూ ఇస్తానన్న కొడుకును గద్దించేది. "బతికున్నోని పేరున బియ్యమిస్తరార? సర్కారు కాగితం వచ్చిందాక మీ నాయిన ఉన్నట్టే." పోయేముందు ఆ మాట మీదే ఒట్టు వేయించుకుంది.

ముత్తైదువగానే వెళ్లిపోయింది, పసుపు చీరలో, నిండు గాజులతో. వాడలోని ఆడవాళ్లు ఆమె నుదుటి కుంకుమ అద్దుకుని వెళ్లారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే నలభై ఏళ్లుగా ఆమె పేరున బియ్యం ఇచ్చేది మహాలయ పక్షంలో నవమి నాడు. భర్త ఉండగా పోయిన ఆడవాళ్ల తిథి అది. ఆ రోజు ఒక ముత్తైదువను పిలిచి, చీర, గాజులు పెట్టి, కడుపునిండా అన్నం పెడతారు. పాతికేళ్లుగా ఆ ఏర్పాటంతా హిమజదే.

తండ్రి పేరున మాత్రం పర్వతాలు ఇంతవరకు గుప్పెడు బియ్యం ఇవ్వలేదు. మొన్న ఎండాకాలంలో గుండెకు స్టెంటు వేశాక, ఆయన కోడలిని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "ఆ కాగితమేదో తెప్పియ్యి బిడ్డా. నేను పొయ్యేలోపల నాయినకు ఒక్కసారి నీళ్లిడుస్త."

హిమజ పట్టుకున్న పనిని సగంలో వదిలే మనిషి కాదు. పాత ఫోటో వెనక పెన్సిలుతో రాసిన మిలటరీ నంబరు పట్టుకుని రికార్డు ఆఫీసుకు రెండుసార్లు రాసింది. రెండుసార్లూ దొరకలేదనే జవాబు వచ్చింది. అలాంటి ఆఫీసులోనే పనిచేసి రిటైరైన ప్రభుదాస్ అనే పెద్దాయన బోయిన్‌పల్లిలో ఉన్నాడని తెలిసి వెళ్లి కలిసింది. నంబరులో ఆమె ఏడు అనుకుంటున్న అంకె నిజానికి ఒకటి అని ఆయన భూతద్దం కింద తేల్చాడు. మూడో ఉత్తరానికి ఈ కవరు వచ్చింది.

నిన్న సాయంత్రం పర్వతాలు పార్కుకు వెళ్లిన వేళ, ప్రభుదాస్ వచ్చి కాగితం చదివి పెట్టాడు. 1944 మే పదకొండు. లారీ లోయలో పడి మరణం. హిమజ తిథి కంప్యూటర్లో చూసింది, అయ్యగారికి ఫోన్ చేసి మళ్లీ అడిగింది. బహుళ తదియ. మహాలయ పక్షంలో ఆ తిథికి రెండు రోజులే ఉంది. అది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

అంతలో ప్రభుదాస్ వేలు కాగితం అడుగున ఆగింది.

"ఇది చూడలేదా అమ్మా? మరణవార్త అందినట్టు రసీదు. జూలై పందొమ్మిది. భార్య కమలాబాయి, ఎడమ బొటనవేలు. చదివి వినిపించామని సాక్షి సంతకం కూడా ఉంది." వెనక జత చేసిన మూడు ఉత్తరాల నకళ్లు తిప్పాడు. "వితంతు పింఛనుకు వచ్చి దరఖాస్తు పెట్టుకోమని మూడుసార్లు పిలిచారు. ఆమె పోలేదు. ఫైలు మూసేశారు."

"అంటే ఆమెకు..."

"తెలుసమ్మా. ఆయన పోయిన రెండు నెలలకే తెలుసు."

ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకుని హరికిషన్ గొంతు తగ్గించాడు. "రేపు తదియ. తారీఖు ఒక్కటే చెప్దాం. జిరాక్స్ తీస్త, కింద తెల్లకాగితం అడ్డం పెట్టి."

"మామయ్యను మోసం చేసుడు గాదా అది?"

"స్టెంటు పడ్డ మనిషి. అమ్మంటే దేవుడాయనకు. ఏమన్నైతే నీదా పూచీ?"

ఆ భయం హిమజకూ ఉంది. కవరు తీసి బీరువాలో తన చీరల మధ్య పెట్టింది.

పదకొండింటికి హరికిషన్ జిరాక్స్ కాగితంతో వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు. హిమజ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"వచ్చింది బాపూ. తదియ అట. రేపే."

పర్వతాలు అద్దాలు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. ముప్పై ఐదేళ్లు పార్సిల్ రసీదులు చూసిన కళ్లు పైనుంచి చదవలేదు. సూటిగా అడుగుకు పోయాయి. అక్కడ ఖాళీ ఉంది. పైన మాత్రం ఒక నల్లటి గీత, అడ్డం పెట్టిన కాగితం అంచు నీడ.

"దస్కత్ ఏది?"

"అంతే ఉంది బాపూ."

"అంతే ఎట్లుంటదిరా? ముట్టినట్టు దస్కత్ లేని కాగితం సర్కారుల ఉండది." ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "దాచిన్రు. ఏం దాచిన్రు? మా నాయిన పారిపోయిండా? ఇంకో పెండ్లి చేసుకున్నడా?"

"లే బాపూ, జెర శాంతంగుండు."

"చెప్పవేందిరా."

ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం హిమజ చూసింది. ఇక చెప్పకపోవడమే ఎక్కువ ప్రమాదమని ఆమెకు తోచింది. మొగుడి వైపు చూడకుండా లోపలికెళ్లి, కవరు తెచ్చి అసలు కాగితం ఆయన ఒళ్లో పెట్టింది.

"మీ నాయిన పారిపోలేదు మామయ్యా. లారీ బోల్తా పడి పోయిండు. కింద ఉన్నది మీ అమ్మ వేలిముద్ర."

పర్వతాలు ఆ ముద్రను చాలాసేపు చూశాడు. తారీఖు చదివాడు. ఉత్తరాలు ఒక్కొక్కటీ హిమజతో చదివించుకున్నాడు. మూడోది అయ్యాక కాగితాలన్నీ అంచులు కలిపి సర్ది, లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

"సంతోషమైందా?" అన్నాడు హరికిషన్.

హిమజ మాత్రల డబ్బా, నీళ్ల గ్లాసు చేతికందేలా పెట్టుకుంది. బెండకాయలు తరుగుతూ తలుపు వైపే చెవి పెట్టింది. ఒకసారి మంచం కిర్రుమంది. ఒకసారి ముక్కు చీదిన చప్పుడు. తరువాత గంటసేపు ఏమీ లేదు. హరికిషన్ రెండుసార్లు తలుపు దాకా వెళ్లి, కొట్టడానికి చెయ్యెత్తి, వెనక్కి వచ్చాడు. మూడోసారి అతను లేచేసరికి గడియ తీసిన శబ్దమైంది.

పర్వతాలు మొహం కడుక్కుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. హిమజ పళ్లెం పెట్టి అన్నం, పప్పు వడ్డించింది. ముగ్గురూ నాలుగు ముద్దలు తిన్నాక ఆయనే నోరు తెరిచాడు.

"అయ్యగారికి ఫోన్ చెయ్యిరా హరీ. రేపు పొద్దుగాల రమ్మను. నాయినకు బియ్యమిస్త."

"సరే బాపూ."

"నవమి నాడు అమ్మకు ఎప్పటిలెక్కనే. హిమజా, ముత్తైదువను పిలువు."

హరికిషన్ ముద్ద పళ్లెంలోనే ఆపాడు. "రెండు ఎట్ల పొసుగుతయి బాపూ? కాగితం ఒప్పుకుంటే నవమి ఆమెది గాదు. అయ్యగారు సుత అడుగుతడు."

"నన్నడగమను." ఆయన మజ్జిగ కోసం గ్లాసు ముందుకు జరిపాడు. "ముండమోపి అయితే అత్తింట్ల మూల గదే గతి ఆ దినాలల్ల. నన్ను చంకనేసుకుని బజార్ల తిరిగి బీడీలమ్మింది."

"మీకు చెప్పకపాయె గద మామయ్యా," అంది హిమజ మెల్లగా. "కోపం రాలేదా?"

"వస్తలేదా మరి? ఎనభై ఏండ్లు నాయినకు నీళ్లియ్యకుంట చేసింది. వస్తది కోపం." పర్వతాలు అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు. "కోపమొచ్చిందని అమ్మ బొట్టు తుడుస్తనా? నవమి నవమే. నేనున్నన్ని దినాలు, నా తర్వాత మీరు సుత."