పార్కింగ్ బాగున్న బీచ్

మా బావ టూరిస్టు బస్సు డ్రైవరు. ఆదివారం వస్తే చాలు, జనాన్ని ఎక్కించుకుని ఏదో ఒక బీచ్‌కి తీసుకెళ్లడం, సాయంత్రానికి వెనక్కి తీసుకురావడం ఆయన పని. ఇంటికి రాగానే ఒకటే పాట. "అందరూ ఎక్కినా ఎవడో ఒకడు రాడు. హారన్ కొట్టి కొట్టి చావాలి. తీరిగ్గా వచ్చి తడి బట్టలతో సీటు నాశనం చేస్తాడు!"

ఇన్ని బీచ్‌లు తిరిగిన మనిషి మా అక్కను ఒక్కదానికీ తీసుకెళ్లలేదు. బస్సులో సీటు ఖాళీ ఉన్న రోజు అక్కకు కుట్టు షాపులో సెలవు దొరకదు. సెలవు దొరికిన రోజు బస్సు నిండిపోతుంది. మొన్న ఆ బస్సు మొరాయించి షెడ్డుకెళ్లింది. ఇంజను చేసిన పుణ్యమా అని బావకు ఆదివారం ఖాళీ దొరికింది. అక్క వెంటనే సెలవు పెట్టేసి, పై వాటాలో ఉన్న నన్ను కూడా కిందికి పిలిచింది.

"మామూలు బస్సులో పోదాం. మీరు తోలడానికి వీల్లేదు. ఏ బీచో మీరే చెప్పండి, మీకు తెలియనివా?" అంది.

బావ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. నేను ఒక్కో పేరూ చెప్పడం, ఆయన కొట్టిపారేయడం.

"దీపస్తంభం బీచ్?"

"వద్దు. మలుపు ఇరుకు. రివర్స్ తియ్యాలంటే తల ప్రాణం తోకకొస్తుంది."

"రాళ్ల బీచ్?"

"చెట్టన్నది లేదక్కడ. మధ్యాహ్నానికి సీట్లు కాలిపోతాయి."

"మరి ఏది బాగుంటుంది, మహానుభావా?"

"పాత రేవు బీచ్," అన్నాడు, మొహం వెలిగిపోతూ. "ఎన్ని బస్సులైనా పడతాయి. నీడ, టీ కొట్టు, కాళ్లు కడుక్కోడానికి పంపు. అలాంటి పార్కింగ్ ఇంకెక్కడా లేదు."

"సముద్రం ఎలా ఉంటుంది బావా?"

బావ తెల్లమొహం వేశాడు. "ఉంటుంది. కొంచెం అవతల."

నేను పడీ పడీ నవ్వాను. అక్క నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లాక మెల్లగా అంది. "చూశావా, ఈయన ఒక్కసారి కూడా దిగి చూళ్లేదే. నాకు బీచ్ ఏదైనా ఒకటే. ఈయన నా పక్కన నీళ్లలో నించుంటే చాలు. అంతకంటే ఏం అడిగాను?"



ఆదివారం బస్సులో బావ కిటికీ పక్కన కూర్చున్నాడన్న మాటే గాని, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. పాత రేవు దగ్గర దిగామో లేదో, "అన్నా, ఇవాళ బండేదీ?" అంటూ తోటి డ్రైవర్లు చుట్టుముట్టారు. కళ్లు మూసి తెరిచేలోగా మా బావ ఎవరిదో బస్సు వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. "రానీ, రానీ... చాల్లే, ఆపు!"

"మీరు నడుస్తూ ఉండండి, వస్తా," అన్నాడు.

అక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచింది. నీళ్ల అంచున ఆగి వెనక్కి చూసింది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. బావ మాత్రం రాలేదు. అక్క వెనక్కి చూడడం కూడా మానేసింది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"నీ మొగుడి సంగతి నేను చూస్తా ఉండు," అని పార్కింగ్‌కి వెళ్లాను. బావ చెట్టు కింద ఒంటరిగా, వేరేవాళ్ల బస్సుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, ఇక్కడే కాపురం పెడతావా? అక్కడ అది నీకోసం కళ్లు కాయలు కాసేలా చూస్తోంది!"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి తల దించుకున్నాడు.

"దిగాక ఏం చేస్తారో నాకు తెలీదు మరదలా. నేనెప్పుడూ దిగలేదుగా. అక్కడికొచ్చి చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు. మీ అక్కేమో ఎంతో ఆశపడి వచ్చింది."

నా కోపం కాస్తా చల్లారిపోయింది. పాపం, దీనికా ఇంత భయం!

"ఏమీ చెయ్యరు బావా. ఊరికే నించుంటారు. చేతులకు పని కావాలంటే అక్క చెయ్యి పట్టుకో."

బావ బూట్లు విప్పాడు. మేజోళ్లు మడిచి లోపల కుక్కి, వాటిని నాకిచ్చి నడిచాడు. మొదటి అల దగ్గరికి రాగానే సడన్ బ్రేక్ వేసినట్టు ఆగిపోయాడు. అక్క నవ్వలేదు. చెయ్యి చాపింది. నేను బూట్లు పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాను. ఎవరైనా అడిగితే కళ్లలో ఇసుక పడిందని చెబుదామనుకున్నాను.

సాయంత్రం తిరుగు బస్సు నిండింది. అక్కా నేనూ ఎక్కి కూర్చున్నాం. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"ఇంకా రానిదెవరమ్మా? పొద్దుపోతోంది!"

"మా ఆయనేనండీ," అంది అక్క, గొప్పగా. "ఇంకొక్క అల చూసి వస్తానన్నారు. కాస్త ఆగండి."

బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్ల పైదాకా తడి, మొహం నిండా నవ్వు.

"ఆ తడి బట్టలతో సీటు పాడుచేస్తావా పెద్దాయనా?" అని డ్రైవరు కసిరాడు.

"నిజమే తమ్ముడూ, తప్పే," అని బావ కూర్చోకుండా పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది. అక్క లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడింది. ఇల్లు చేరేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఖాళీ అయిన సీట్లో నేను బావ బూట్లు పెట్టుకున్నాను.