పిలవకముందే వెళ్ళే బండి

ఇది చిన్న కథ. స్టవ్ మీద పాలు పొంగేలోపు చెప్పేయొచ్చు. ఒక అంబులెన్సు ఉండేది, దానికి రావాల్సిన రేటు రాలేదు, అంతే. కాకపోతే బండి సంగతి చెప్పాలంటే డ్రైవరు సంగతి చెప్పాలి, డ్రైవరు సంగతి ఎత్తితే అతని భార్య ఊరుకోదు. కాబట్టి పాల కింద మంట కాస్త తగ్గించుకోవడం మంచిది.

డ్రైవరు పొద్దున్నే లేచి తన మొహం కడుక్కోకముందే బండి మొహం కడిగేవాడు. అతని భార్య వెనక తలుపులు తీసి, స్ట్రెచరు మీద దుప్పటి మార్చి, ఆక్సిజన్ సిలిండరు ముల్లు ఎక్కడుందో చూసి, దూది ఉండలు సర్దేది. ఇరవై ఏళ్ళుగా ఆయన ముందు, ఆవిడ వెనక. బండిని అంత మురిపెంగా తుడిచే మనిషి తనతో ఒక్క మంచి మాట మాట్లాడడని ఆవిడ గొడవ. బండి ఎదురు చెప్పదు కదా అని ఆయన జవాబు. ఇంటికి షెడ్డు లేదు. బండి సరిగ్గా గుమ్మం ముందే ఉండేది, ఇంట్లోకి పోవాలంటే చుట్టాలైనా సరే దాని పక్కనుంచి ఒదిగి పోవాల్సిందే.

వారానికి ఒకటి రెండుసార్లు, కడగడం అయ్యాక, బండి తనంతట తనే కదిలి వెళ్ళి ఎవరింటి ముందో ఆగేది. డ్రైవరు చెప్పులేసుకుని, తాళాలు పట్టుకుని, దాని వెనకాల నడిచి వెళ్ళేవాడు. గంటో రెండు గంటలో గడిచేలోపు ఆ ఇంట్లో ఎవరో ఒకరు గుండె పట్టుకునో, మెట్టు జారో పడేవారు. బండి గుమ్మం ముందు ఆగిందంటే జనం పొయ్యి కట్టేసి, రెండు జతల బట్టలూ పాత మందుల చీటీలూ సంచిలో పెట్టుకుని కూర్చునేవారు. ఎవరూ పడకముందు ఎక్కించుకోవడానికి ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకోరు, కాబట్టి కూర్చోవడం ఒక్కటే పని.

అందరూ బుద్ధిగా కూర్చునేవారని కాదు. కిరాణా కొట్టాయన తన ఇంటి ముందు బండిని చూసి నలుగుర్ని పిలిచి, తనూ ఒక చెయ్యి వేసి, పక్కింటి గుమ్మం దాకా నెట్టించాడు. నెట్టిన ఆయాసానికి పడ్డాడో, పడాల్సి ఉండి పడ్డాడో గానీ, ఆయన్ని పక్కింటి దాకా మోసుకెళ్ళి ఎక్కించాల్సి వచ్చింది. ఇంకో ఇంట్లో కోడలు బండిని చూడగానే ఎంతో శ్రద్ధగా అత్తగారి సంచి సర్దింది, కళ్ళజోడు కూడా మరిచిపోలేదు. బండి వచ్చింది కోడలి కోసం. నెల తక్కువ కాన్పు. అత్తగారు అదే సంచి పట్టుకుని తోడు వెళ్ళింది, ఆ సంచి మాట ఈ రోజుకీ ఎత్తుతూనే ఉంది.

ఇక రేటు సంగతి. రోగి దగ్గర పైసా తీసుకోకూడదు, ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆఫీసు ఇస్తుంది. ఆ రేట్లు పదకొండేళ్ళ కిందట కట్టారు. అప్పటినుంచి డీజిల్ పెరిగింది, టైర్లు పెరిగాయి, బీమా ఆఫీసు గుమాస్తా పొట్ట పెరిగింది, రేటు మాత్రం పెరగలేదు. అది కూడా రోగి వెనక పడుకుని ఉన్న కిలోమీటర్లకే. ఖాళీగా తిరిగి వచ్చిన దారికి ఏమీ లేదు. ఆఫీసు లెక్కలో బండి ఆసుపత్రి గేటు దగ్గర మాయమై ఇంటి ముందు తేలుతుంది.

అలాగే ఈదుకొస్తుంటే కొత్త రేట్ల పట్టిక వచ్చింది. అందులో మూడు గడులు. అత్యవసరం, మామూలు, చెల్లించబడదు. బండి ఎక్కడుందో ఎప్పుడుందో రాసుకునే ఒక చిన్న పెట్టెను కూడా ఆఫీసు వాళ్ళు వచ్చి స్టీరింగు కింద బిగించారు. ఆ నెల పంపిన క్లెయిములన్నీ మూడో గడిలో పడి తిరిగొచ్చాయి. డ్రైవరు భార్య కాగితాల కట్ట పట్టుకుని ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. లోపల ఉన్న గుమాస్తాని ఊరంతా కొర్రీల గుమాస్తా అనేవారు. ఏ కాగితం మీదైనా ఒక కొర్రీ రాయందే ఆయనకి అన్నం సయించదని చెప్పుకునేవారు. అది అన్యాయం, ఆయన శుభ్రంగా తినేవాడు.

"అమ్మా, ఫోను తొమ్మిదీ నలభైకి వచ్చింది. మీ బండి తొమ్మిదింటికే అక్కడుంది," అన్నాడు గుమాస్తా. "పిలవకముందే వెళ్ళింది అత్యవసరం ఎలా అవుతుంది?"

"ముందు వెళ్ళింది కాబట్టే మనిషి బతికాడు."

"బతకడానికి గడి లేదమ్మా."

"మీ నాన్నగారిని తీసుకెళ్ళింది ఈ బండే."

"తెలుసు. రోజూ ఆయన మొహం చూసే ఆఫీసుకొస్తున్నాను. బండికి ముందే తెలుస్తుందని పైకి రాశాను కూడా. ఎలా తెలుస్తుందో ధ్రువపత్రం జతచేయమన్నారు."

గుమాస్తా తండ్రి రెండేళ్ళ కిందట పెరట్లో పడిపోయిన మాట నిజం. అప్పటికి బండి నలభై నిమిషాలుగా గుమ్మంలో ఉంది. పెద్దాయన ఇప్పుడు వరండాలో కూర్చుని పేపర్లో అచ్చు తప్పులు దిద్దుతుంటాడు. కొర్రీలు వేయడం ఆ ఇంట్లో వంశపారంపర్యం.

గుమాస్తా చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఫోను వచ్చేదాకా బండిని కదలనివ్వొద్దని, ముందు పిలుపు, తర్వాత బయలుదేరడం, ఆ తర్వాత చేరడం, ఈ వరస తప్పకపోతే తానే మొదటి గడిలో వేస్తానని చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. అప్పటికే పెట్రోలు బంకు వాళ్ళు ముందు డబ్బు, తర్వాత పైపు అంటున్నారు. డ్రైవరు లావుపాటి గొలుసు కొనుక్కొచ్చి, బండి వెనక చక్రంలోంచి తీసి, కరెంటు స్తంభానికి కట్టి తాళం వేశాడు.

ఆరు వారాలు అలా నడిచింది. కొన్ని పొద్దుల్లో బండి కదలబోయి గొలుసు బిగిసి ఆగేది. కాసేపటికి ఫోను మోగేది, డ్రైవరు తాళం తీసేవాడు. క్లెయిములు పాసయ్యాయి. మొదటి చెక్కు వచ్చిన రోజు భార్య దాన్ని ఆయన చేత రెండుసార్లు చదివించుకుంది.

ఏడో వారంలో ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి బండి గొలుసు లాగడం మొదలుపెట్టి ఆపలేదు. స్తంభం ఊగింది. వెనక చక్రం ఉన్నచోటే తిరిగి రోడ్డులో గుంట పడింది.

"వదిలేయండి," అంది భార్య.

"వదిలితే ఈ ట్రిప్పు రాదు. ఇది రాకపోతే రేపటి ట్రిప్పుకి డీజిల్ లేదు," అన్నాడు డ్రైవరు. "రేపు ఎవరి వంతో నీకు తెలుసా? నాకు తెలుసా?"

ఇద్దరూ కిటికీలో పెట్టిన ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. అది పదకొండూ ఇరవైకి మోగింది.

పడిపోయింది నాలుగు వీధుల అవతల ఉండే దర్జీ. ఒంటరి ఆడమనిషి. స్ట్రెచరు మీద వేసే దుప్పట్లన్నిటికీ అంచులు కుట్టి ఇచ్చేది, ఎంత అడిగినా కూలి తీసుకునేది కాదు. పొద్దున ఎనిమిది దాటాక మిషను పక్కన పడింది. జాకెట్టు కోసం వచ్చిన ఆవిడ చూసేదాకా అలాగే ఉంది. పద్దెనిమిది రోజులకి ఆసుపత్రి నుంచి వచ్చింది. కుడి చెయ్యి రాలేదు, భుజం నుంచి ఊరికే వేలాడుతోంది.

డ్రైవరు వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమే అంది, "నీ తప్పేముందన్నా. రూలు అలా ఉంది." తిట్టి ఉంటే ఆయనకి అన్నం దిగేది. ఆ ట్రిప్పుకి మాత్రం అత్యవసరం కింద పూర్తి రేటు వచ్చింది.

దర్జీని చూసొచ్చిన సాయంత్రమే డ్రైవరు గొలుసు విప్పేశాడు. గొలుసుతో నడపడం తన వల్ల కాదన్నాడు, గొలుసు లేకుండా నడిపే స్తోమత లేదన్నాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బండి తెస్తానని పాత ఇనుము కొనే అతనితో మాట్లాడుకున్నాడు. భార్య కాదనలేదు.

మర్నాడు ఆయన ఎప్పటిలాగే బండి కడిగాడు. తుక్కుకి పోయే బండిని కడగడమెందుకని ఎవరూ అడగలేదు. ఆవిడ దుప్పట్లు మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుని వెనకే కూర్చుంది. ఆయన తాళం తిప్పాడు. బండి కదల్లేదు.

మెకానిక్కు వచ్చి, మూత ఎత్తి, అంతా చూసి, లోపం ఏమీ లేదని చెప్పి, లోపం లేకపోయినా చూసినందుకు డబ్బు తీసుకున్నాడు. వీధి వీధంతా చేరింది. తుక్కుకి పోవడం ఇష్టం లేక మొండికేసిందని కొందరు, గొలుసు కట్టినందుకు అలిగిందని కొందరు. బండ్లు నెట్టడంలో అనుభవం ఉన్న మనిషి కదా, కిరాణా కొట్టాయన్ని ముందు నిలబెట్టారు. పదిమంది నెట్టినా చక్రం జానెడు కూడా పోలేదు.

బండిని సాగనంపుదామని దర్జీ కూడా నడిచి వచ్చింది. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, డ్రైవరు భార్యని పిలిచింది.

"వదినా, బండి ఎవరింటి ముందు ఆగింది?"

నెట్టేవాళ్ళు నెట్టడం ఆపారు. ఇరవై ఏళ్ళుగా దాని చూపు చదివిన వీధి అది. రోజూ ఉండే చోటే కాబట్టి ఒక్కరికీ తట్టలేదు.

డ్రైవరు, భార్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత దెబ్బలాట మొదలైంది. నీకే, నిన్న దగ్గావు అని ఆయన. మీకే, నిన్నటి నుంచి ముద్ద మింగలేదు అని ఆవిడ. ఆయన లోపలికి పోయి ఆవిడ చీరలు రెండు సంచిలో కుక్కాడు, ఆవిడ ఆయన లుంగీ ఇంకో సంచిలో కుక్కింది. రెండు సంచులూ గుమ్మంలోకి వచ్చాయి. ఇక చేయగలిగింది లేక ఇద్దరూ బండి మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. జనం చుట్టూ నిలబడి, ఎవరో ఒకరు పడడం కోసం ఎదురుచూశారు. అంతకన్నా మర్యాదగా చెప్పే దారి లేదు.

అరగంట గడిచాక ఆవిడకి రూలు గుర్తొచ్చింది. ముందు పిలుపు ఉండాలి. కొంగులోంచి ఫోను తీసి నొక్కింది. పక్కనే ఆయన జేబు మోగింది. అలవాటు ప్రకారం ఎత్తాడు.

"హలో, అంబులెన్సు."

"అర్జంటుగా రావాలండీ."

"అడ్రసు చెప్పండి."

"మీ ఇల్లే."

"రోగి ఎవరు?"

ఆవిడ జవాబు చెప్పేలోపు ఫోను ముందు కింద పడింది, తర్వాత ఆయన.

బండి అప్పటికే స్టార్టయి ఉంది. ఆయన్ని ఎక్కించి, ఆవిడ ఎప్పటిలాగే వెనక కూర్చుని మాస్కు పెట్టింది. స్టీరింగు వెనక మనిషి ఉండాలని రూలు. ఎక్కమంటే కిరాణా కొట్టాయన నేల చూపులు చూశాడు, మెకానిక్కు పనిముట్లు సర్దుకున్నాడు. దర్జీ ఎక్కి కూర్చుంది. ఎడమ చెయ్యి హారను మీద పెట్టింది, మిగతాది బండి చూసుకుంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. డ్రైవరు దక్కాడు. ఇక బండి నడపకూడదని కూడా డాక్టరే చెప్పాడు.

ఆ ట్రిప్పు క్లెయిము మాత్రం తిరిగొచ్చింది. పిలుపు ముందే ఉంది, చేరడం తర్వాతే ఉంది, వరసలో తప్పు లేదు. కానీ దర్జీకి లైసెన్సు లేదు కాబట్టి డ్రైవరు అన్న చోట ఎప్పటిలాగే డ్రైవరు పేరే రాశారు. కింద గుమాస్తా గుండ్రటి అక్షరాలతో కొర్రీ రాశాడు. ఒకే వ్యక్తి ఒకే సమయంలో వెనక పడుకుని ముందు వాహనం నడపడం నిబంధనలలో లేనందున చెల్లించబడదు.

తుక్కు బేరం పోయింది. డ్రైవరు భార్య లైసెన్సు తీసుకుని తనే నడుపుతోంది, దర్జీ వెనక కూర్చుంటోంది. ఒంటి చేత్తో మాస్కు పెట్టడం నేర్చుకుంది. డ్రైవరు ఇంట్లో కూర్చుని ఫోను ఎత్తుతాడు, వెళ్ళేటప్పుడు భార్యకి గేర్ల గురించి సలహాలు చెప్తాడు, ఆవిడ వినదు.

బండి మాత్రం ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్ళీ తనంతట తను కదల్లేదు. గొలుసు లేదు, తాళం లేదు. అయినా ఫోను మోగేదాకా గుమ్మం ముందే, అన్ని బండ్లలాగే ఉంటోంది. బుద్ధి వచ్చిందన్నారు కొందరు. అలిసిపోయిందన్నారు కొందరు. పొద్దున పూట వీధిలో జనం ఒకసారి తలుపు తీసి గుమ్మం ముందు చూసి, మళ్ళీ వేసుకుంటారు.

మూడో నెలలో గుమాస్తా తండ్రి వరండాలో పేపరు చదువుతూ కుర్చీలోంచి ఒరిగిపోయాడు. ఇంట్లోవాళ్ళు చూసేసరికి కొంత సేపైంది. పదింటికి ఫోను వచ్చింది, పదీ రెండుకి బండి బయలుదేరింది, పదీ పదకొండుకి చేరింది. క్లెయిము అత్యవసరం గడిలో, పూర్తి రేటుకి, ఒక్క కొర్రీ లేకుండా పాసయింది. గుమాస్తానే సంతకం పెట్టాడు. పెద్దాయన దారిలోనే పోయాడు.