చెవిలో వల

కోటికి సముద్రమంటే భయం లేదు. పదిహేనేళ్ళుగా మరబోటు డ్రైవరు. అలాంటివాడు రేపటి చెవుల పరీక్షకి వణుకుతున్నాడంటే నవ్వొస్తుంది గానీ, వణుకు మాత్రం నిజం. పరీక్ష నెగ్గితే పోర్టులో లాంచీ నడిపే ఉద్యోగం, పొద్దుగూకేసరికి ఇల్లు. పోతే మళ్ళీ ఇరవై రోజుల వేట. భార్య దేవికి ఎనిమిదో నెల. తొలి కాన్పప్పుడు అతను నడిసముద్రంలో ఉన్నాడు. బిడ్డ దక్కలేదన్న సంగతి ఒడ్డుకొచ్చాకే తెలిసింది. ఈసారి పక్కనుంటానని దేవి చేతిలో చెయ్యేసి చెప్పాడు.

సరిగ్గా ఇప్పుడే, వారం రోజులుగా, కుడి చెవిలో పాట వినపడటం మానేసింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎడమవైపు దద్దరిల్లిపోతోంది, కుడివైపు గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది. అటుదిటు మార్చి చూద్దామంటే ఆ మాయదారి వస్తువులు ఏ చెవికాచెవికి చేసినవి, రెండోదాంట్లో నిలబడవు. తల్లి గంగాలమ్మ వైద్యానికి దిగింది. "సెవి ఎండిపోనాదిరా" అని రెండు పూటలా వెల్లుల్లి కాచిన నూనె పోసింది. పోసినకొద్దీ పాట ఇంకా సన్నగిల్లింది.

చివరికి మధ్యాహ్నం అన్నం కూడా మాని వన్ టౌన్‌కొచ్చాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో సత్యశ్రీ అనే అమ్మాయి సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. భూతద్దం కంటికి తగిలించుకుని కుడి ఇయర్‌ఫోన్ మీదికి తల వంచి ఏదో అంది.

"ఏటీ?"

"దీని ముక్కు మీద ఫిల్టరుంటాదన్నా! అది పూడిపోతే సౌండు రాదు!" అని అరిచింది.

"ఈ ఆటోలోళ్ళు మాట ఇననివ్వరు" అని కోటి సందుని తిట్టాడు.

ఆమె భూతద్దం అతనికిచ్చింది. నువ్వుగింజంత గుండ్రటి జాలీ. కోటికి అది వలలాగే కనపడింది. వల పూడిపోయిందంటే చెవి మంచిది. వల శుభ్రంగా ఉందంటే చెవి పోయినట్టే. బతుకులో మొదటిసారి వల పాడవ్వాలని గంగమ్మ తల్లికి మొక్కుకున్నాడు.

ఫిల్టరు రానంది. జిగురు టేపు అంటించి లాగింది, కదల్లేదు. వేడిగాలి పట్టింది, కదల్లేదు. సత్యశ్రీ సూది తీసింది. ఇయర్‌ఫోన్ ముక్కు కిందికి పెట్టి పట్టుకుంది.

"జారితే లోపల పొర సిరిగిపోతాది. అప్పుడింక పాటే రాదు. సెప్పలేదనకు!"

పొర చిరిగితే తప్పు వస్తువుదో చెవిదో కోటికి ఎప్పటికీ తెలియదు. సూది అంచు పట్టింది. జారింది. ఇద్దరూ ఒకేసారి "అమ్మో" అన్నారు. మళ్ళీ పట్టింది. చుట్టూ కొంచెం కొంచెంగా లేపగా, లేపగా, టక్కున ఊడి తెల్లగుడ్డ మీద పడింది. దాన్నిండా పసుప్పచ్చని మడ్డి.

సత్యశ్రీ ముక్కు మూసుకుంది. "ఎల్లుల్లి కంపు! సెవిలో తాలింపెట్టీసినారేటన్నా?"

కోటికి ప్రాణం లేచొచ్చింది. "మా అమ్మ! మా అమ్మ పనే!" అని ఆ మడ్డికి దణ్ణం పెట్టబోయాడు.

రెండువైపులా కొత్త ఫిల్టర్లు అంటించి, ముక్కులు తుడిచి, ఆమె తన చెవుల్లో పెట్టుకుని పాట నొక్కింది. వెంటనే పీకి పారేసింది.

"బాబోయ్! ఇంత సౌండెట్టుకుని ఇంటన్నావేటి?"

"బోటు మీద ఇంజను పక్కనే కద మా బతుకు! మా పేటలో మెల్లిగా మాటాడేవోడ్ని ఒకడ్ని సూపించు" అని నవ్వాడు.

ఆ మాట నిజమే. వాళ్ళ పేటలో ముచ్చటైనా తగువైనా కేకల మీదే. పక్కన కూర్చున్నవాడికి కూడా అవతలి బోటువాడికి చెప్పినట్టే చెబుతారు. అందరూ అరిచే చోట ఎవడికి వినపడటం లేదో ఎవరు కనిపెట్టారు?

సత్యశ్రీ సౌండు సగానికి తగ్గించి మళ్ళీ విన్నది. బాగుందన్నట్టు తలూపింది. ముక్కులు తుడిచి కోటికిచ్చింది. అతను పెట్టుకుని పాట కోసం ఎదురుచూశాడు.

"ఎట్టమ్మా పాట."

ఆమె ఫోను వైపు చూపించింది. తెర మీద సెకన్లు నడుస్తున్నాయి. ముప్పై మూడు. ముప్పై నాలుగు. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు, దేవుడిలా నమ్ముకున్న ఆ ఎడమవైపు కూడా ఏమీ లేదు. ఇంట్లో ఎన్నిసార్లు పిలిచినా పలకడని దేవి "సెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అని తిట్టేది. తిట్టే కదా అనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె నిజమే చెప్పింది.

సౌండు చివరిదాకా పెంచాడు. పాట వచ్చింది. రెండువైపులా సమానంగా, ఎంతో చక్కగా వచ్చింది. అంతకన్నా భయంకరమైనది అతను ఎన్నడూ వినలేదు. రేపు డాక్టరు సౌండు పెంచడు. ఏ సాకూ మిగల్లేదు.

ఇయర్‌ఫోన్లు తీసి, తెల్లగుడ్డ మీది మడ్డిముక్కని చూపించాడు.

"అమ్మా... ఆ పాత వలే మళ్ళీ ఎట్టీ."

"ఎందుకన్నా? బాగైపోనాది కదా!" అని సత్యశ్రీ అరిచింది.

ఆ అరుపు అతనికి చక్కగా వినపడింది.