తినే చేతి వైపు

మా నాన్నకు తన చిన్ననాటి చేను గురించి గుర్తున్నది ఒక్కటే వాక్యం. "గుమ్మంలో నిలబడి కొండకేసి చూస్తే, వాగు తినే చేతి వైపు." అది మా నానమ్మ ఆయనకు నేర్పింది. పిల్లాడు ఆడుకుంటూ ఆడుకుంటూ వాగులో పడిపోతాడని ఆవిడకు భయం. రోజుకు పదిసార్లు ఆ మాట చెప్పించి, అటు పోవద్దని గదమాయించేదట. పెద్దయ్యాక కూడా ఏ కబురు మొదలుపెట్టినా ఆయన చివరికి ఆ వాగు దగ్గరే తేలేవాడు. నాకది చెవిలో జోరీగలా ఉండేది. లేని చేనుకు దారి ఎందుకు నాన్నా అని విసుక్కునేదాన్ని.

ఆ చేను ఆయన ఆరో ఏట పోయింది. ఎవరూ మోసం చేసి లాక్కోలేదు. ఊళ్ళో విషజ్వరాలు పడ్డాయి, ఇంటికొకరు చొప్పున పోయారు, మిగిలినవాళ్ళను బళ్ళెక్కించి ఊరు ఖాళీ చేయించారు. మా ఇంట్లో పోయింది నాన్న చెల్లెలు. నాలుగేళ్ళ పిల్ల. ఒకచోట కుదురుగా కూర్చోదని అందరూ పిచ్చిక అని పిలిచేవారట. చేలో బావికీ వాగుకీ మధ్య గట్టు మీద పాతిపెట్టారు. పదో రోజున వీళ్ళు బండెక్కారు.

నానమ్మ పోయేముందు నాన్న చెయ్యి పట్టుకుని అడిగింది కూడా ఒక్కటే. "ఎప్పుడైనా వెళ్ళి పిల్ల మీద ఒక రాయి పెట్టరా." ఆయన సరేనన్నాడు. పెద్దరోడ్డు మీద ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాడు, కోడిపిల్లను కూడా తొక్కలేదని గొప్పలు చెప్పుకున్నాడు, నన్ను చదివించాడు, అమ్మను సాగనంపాడు. రాయి మాత్రం పెట్టలేదు. ఊరే లేనప్పుడు ఎక్కడికని వెళ్తాడు.

ఈ ఏడు ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రిలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, నెల, మహా అయితే రెండు నెలలు అన్నాడు. ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళాను.

"ఎంతన్నాడే?" అన్నాడు నాన్న.

"ఏమీ అనలేదు. మందులు మారుస్తాడట."

"అబద్ధం చెప్పడం నీకు చేతకాదు. మానెయ్. ఆ రాయి సంగతి చూడు. పైకెళ్ళాక మా అమ్మ మొదట అడిగేది అదే. ఏం ముఖం పెట్టుకుని చూడను?"

యాభై మూడేళ్ళదాన్ని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడు, గుక్క తిరగనప్పుడు, నా నెత్తిన పెడతాడా అని. కోపం దిగాక వెళ్ళక తప్పలేదు.

నా పని ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దడం. వెనకాల నన్ను సున్నక్క అంటారు, పోయిన సున్నాలు పట్టుకుంటానని. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. సబ్బు కాగితం మీద అక్షరం తప్పు కనిపించినా నాకు దురద పుడుతుంది. పాత రికార్డులంటే కాగితాలే కదా, కాగితాలతో నాకు భయమేమిటి అనుకుని వారం రోజులు సెలవు పెట్టాను.

రికార్డుల గది భూమి కొలతల ఆఫీసు వెనక, మెట్లు దిగి వెళ్ళాలి. కిటికీ లేదు. ఇనప అలమారాలు, గుడ్డమూటలు, తడిసి ఆరిన అట్టల వాసన. అక్కడున్నాయనను ఆఫీసంతా చెదల తాత అనేవారు. చెదలు తిన్న కాగితాలకు వెనక పల్చటి కాగితం అతికించడం ఆయన పని. నేను వెళ్ళిన మూడు రోజులూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, తల ఎత్తకుండా ఒకే మాట అన్నాడు.

"ఆ ఊరి పుస్తకం లేదమ్మా. ఊరే లేదు కదా."

"ఊరు పోతే పుస్తకం కూడా నడుచుకుంటూ పోతుందా?" అన్నాను నేను.

"పోతుంది. చెదలకు కాళ్ళుంటాయి."

నాలుగో రోజు ఆయనను అడగడం మానేసి నేనే అట్టల వీపులు చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి దొరికింది. బైండు చేసినవాడు ఊరి పేరులో ఒక వత్తు ఎగరగొట్టాడు. దాంతో ఆ పుస్తకం అక్షరక్రమంలో మూడు అలమారాల అవతలికి పోయి, ఇంకెవరి ఊళ్ళతోనో కాపురం చేస్తోంది. పట్టుకొచ్చి బల్ల మీద పడేశాను. చెదల తాత అట్ట చూశాడు, నన్ను చూశాడు, లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

"నలభై ఏళ్ళుగా ఈ గదిలో ఉన్నాను. ఆ వత్తు నా కంటపడలేదమ్మా."

లోపల మా తాత పేరు ఉంది. దాని మీద వేలు పెట్టాను. ఆ మరుక్షణమే కింది వరసలో మళ్ళీ అదే పేరు కనిపించింది. నలభై ఒకటో నంబరు చేను, నలభై రెండో నంబరు చేను, రెండింటికీ ఒకే పేరు. మావాళ్ళలో మనవలందరికీ తాత పేరే పెట్టేవారు. మా తాతకూ, ఆయన పెదనాన్న కొడుక్కూ ఒకే పేరని నాన్న ఎప్పుడో చెప్పాడు. తండ్రి పేరు రాసే గడి చూస్తే తేలిపోవాలి. సరిగ్గా ఆ గడినే చెదలు తినేశాయి. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకనట్టయింది నా పని.

చెదల తాత పటం తెచ్చి పరిచాడు. కొండ మీంచి వాగు దిగుతోంది. వాగుకు ఒక పక్క నలభై ఒకటి, మరో పక్క నలభై రెండు. రెండింట్లోనూ ఇల్లుంది, రెండింట్లోనూ బావి గుర్తుంది, రెండు ఇళ్ళ గుమ్మాలూ కొండకేసే ఉన్నాయి.

"నలభై రెండైతే మీరు వెళ్ళి చూడ్డానికేం లేదు," అన్నాడాయన. "పెద్దరోడ్డు వేసేటప్పుడు అక్కడ క్వారీ పెట్టారు. ఆ చేలో మట్టీ రాయీ మొత్తం తవ్వి రోడ్డుకే పోశారు. ఇప్పుడది నీళ్ళగొయ్యి. తాడేస్తే అడుగు తగలదు. మీది ఏదో తెలిసే గుర్తేమైనా ఉందా?"

నాన్న వాక్యం చెప్పాను. చెప్పి లేచి, గోడను కొండ అనుకుని నిలబడి, కుడిచెయ్యి పక్కకు చాచాను. ఆయనా లేచి నా పక్కన నిలబడి కుడిచెయ్యి చాచాడు. మెట్ల మీంచి ఎవరైనా చూస్తే మతి పోయిందనుకునేవాళ్ళు.

"వాగు కుడివైపు ఉంటే మీది వాగుకు ఎడమ పక్క చేను. నలభై ఒకటి," అన్నాడాయన.

"నలభై ఒకటే," అన్నాను. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నలభై రెండు కాకూడదని ఆ గదిలో నేను గట్టిగా కోరుకున్నాను. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

రాయి చెక్కించాను. నాన్న చెప్పిన మాటలు రెండే: పిచ్చిక, నాలుగేళ్ళు. చెక్కేవాడు చదువుకున్నవాడిలా పిచ్చుక అని గీసి పెట్టాడు. నిఘంటువు ప్రకారం వాడిదే ఒప్పు. నేను ఆసుపత్రికి వెళ్ళి అడిగితే నాన్న మండిపడ్డాడు. "మేం పిచ్చుక అని ఎప్పుడు పిలిచాం? అలా పిలిస్తే అది పలకదు." వెనక్కి వెళ్ళి చెరిపించి రాయించాను. ఒక్కో అక్షరం మూడుసార్లు సరిచూశాను. చెక్కేవాడు విసిగిపోయి, "అక్కా, రాయి అరిగిపోతుంది, ఇంక చూడకు," అన్నాడు.

నలభై ఒకటో నంబరు ఇప్పుడు గోదాముల వెనక పిచ్చిమొక్కలు మొలిచిన నేల. ఇంటి ఆనవాలు లేదు. బావి పూడిపోయింది కానీ రాతి గట్టు గుండ్రంగా మిగిలుంది. దానికీ ఎండిన వాగుకూ మధ్య కొంచెం ఎత్తుగా ఉన్నచోట తాపీమేస్త్రీ చేత గొయ్యి తీయించాను. "సిమెంటు రెండింతలు వెయ్యి, ఎవడూ పీక్కుపోకూడదు," అన్నాను. "వందేళ్ళు కదలదమ్మా," అన్నాడతను. వాగుకు అవతల ఇనప కంచె, కంచె వెనక నల్లటి నీళ్ళు. అటు ఒకసారి చూసి, వేరేవాళ్ళ దురదృష్టం అనుకుని, ఫొటో తీసుకుని వచ్చేశాను.

నలభై ఒకటో నంబరు ఎలా తేలిందో చెప్పి, ఆ ఫొటో అచ్చు వేయించి ఇస్తే నాన్న దాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. చాలా రోజుల తర్వాత దగ్గు లేకుండా నిద్రపోయాడు. మా నాన్న కోసం జీవితంలో ఒక్క మంచి పని చేశానని నాకు గర్వంగా ఉండింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నర్సు ఆయన కుడిచేతికి సెలైను సూది పెట్టి, చెయ్యి కదపొద్దని కట్టు కట్టి పోయింది. నేను అన్నం కలిపి చెంచా వెతుకుతున్నాను. ఈలోపు ఆయన పళ్ళెం దగ్గరకు లాక్కుని ఎడంచేత్తో తినడం మొదలుపెట్టాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. ముద్ద గుండ్రంగా, నున్నగా వస్తోంది.

"ఏంటి నాన్నా, ఎడంచెయ్యి ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను నవ్వుతూ.

"నేర్చుకోవడమేంటే? పుట్టుకతో నాది పుర్రచెయ్యే. మా నాన్నదీ అంతే. అందుకే ఇంట్లో ఎవరూ ఏమనేవాళ్ళు కాదు. ఇక్కడికొచ్చి బళ్ళో వేశాక పంతులు వేళ్ళ మీద కొట్టి కొట్టి కుడికి మార్పించాడు. ఆ ఏడంతా మా అమ్మ నా వేళ్ళకు నూనె రాసేది."

"ఇక్కడికొచ్చాకా?"

"మరి? ఊళ్ళో బడెక్కడ ఏడ్చింది. కాస్త కూర వెయ్యి."

కూర వేశాను. గరిట గిన్నెలోనే వదిలేశాను. నానమ్మ ఆ వాక్యం నేర్పినప్పుడు ఈయన తినే చెయ్యి ఎడమది. చెయ్యి మారింది, మాట మారలేదు. ఆ మాటనే డెబ్భై ఏళ్ళు మోసి నాకిచ్చాడు. వాగు ఎడమవైపు ఉండాలి. మా చేను నలభై రెండు.

పిల్ల అక్కడ లేదు. ఆ గట్టు, ఆ మట్టి, అందులో ఉన్నదంతా లారీలకెత్తి పెద్దరోడ్డుకు పోశారు. ఆ రోడ్డు మీదే ఈయన ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాడు. రోజుకు రెండుసార్లు, పోనూ రానూ.

"ఏమైందే, అలా అయిపోయావు?" అన్నాడు నాన్న.

"ఏం లేదు. తిను నాన్నా."

ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత పళ్ళెంలోకి చూసుకుంటూ మిగతా అన్నం తిన్నాడు. నమ్మాడనే అనుకున్నాను. ఎక్కడ తప్పు కనిపించినా దిద్దకుండా వదలని మనిషిని, ఆ ఒక్కటీ నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. నీ చెల్లెలి మీంచే బస్సు నడిపావని ఏ కూతురు చెప్తుంది?

మరో తొమ్మిది రోజులున్నాడు. పోవడానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే టీ తీసుకుని వెళ్ళాను. ఫొటో దుప్పటి మీద ఉంది. నాన్న రెండు అరచేతులూ ముందు పెట్టుకుని, ఒకసారి ఇది, ఒకసారి అది, మార్చి మార్చి చూసుకుంటున్నాడు. నన్ను చూసి చేతులు దుప్పటి కింద దాచేశాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదే. రాయి బాగుంది. అక్షరాలు బాగా కుదిరాయి."

అబద్ధం చెప్పడం ఆయనకూ చేతకాదు. నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది. టీ అలాగే చల్లారిపోయింది. అడగాల్సింది, ఆయన చెయ్యి పట్టుకుని ఏడవాల్సింది. నేను కప్పు కడగడానికి వెళ్ళాను.

ఆయన పోయిన నెలకు గునపం పట్టుకుని ఒక్కదాన్నే ఆ చేనుకు వెళ్ళాను. రాయి పీకి, కంచె దాకా మోసి, ఆ నీళ్ళలో వేద్దామని. గంటసేపు పొడిచాను. చేతులు బొబ్బలెక్కాయి, రాయి వీసమెత్తు కదల్లేదు. రెండింతల సిమెంటు నేనే కదా వేయించింది. మేస్త్రీ మంచి పనిమంతుడు.

గునపం అక్కడే పడేసి, ఎండిన వాగు దాటి కంచె దగ్గరకు వెళ్ళాను. కింద నీళ్ళు కదలడం లేదు. చుట్టూ ఎవరూ లేరు, అయినా చిన్నగానే అన్నాను.

"అత్తా, ఆ రాయి నీదే. వాగు అవతల పడింది. తప్పు నాది. నాన్న నీ దగ్గరికే వచ్చాడు, ఆయన్నేం అనకు."

తిరుగు బస్సు పెద్దరోడ్డు మీదే. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదలగానే నా కాళ్ళు వాటంతటవే పైకి లేచాయి. పక్కనున్నావిడ చోటు చాలడం లేదని గొణుగుతూనే ఉంది. ఊరొచ్చేదాకా మోకాళ్ళు గుండెలకు ముడుచుకుని కూర్చున్నాను, కాళ్ళు కింద ఆనించలేకపోయాను.