ఓడినోడి సీటీ

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక మైదానంలో ఏటా జరిగే బస్తీల ఫుట్‌బాల్ కప్పుకు ఒక ఆనవాయితీ ఉంది. ఒక మ్యాచ్‌లో ఓడిన జట్టు కెప్టెనే తర్వాతి మ్యాచ్‌కు రిఫరీ. ఫైనల్లో ఓడినవాడు రిఫరీ ఈలను ఇంటికి తీసుకుపోయి, వచ్చే ఏడు మొదటి మ్యాచ్‌కు తెచ్చి తానే ఊదుతాడు. ఆ ఈలను అక్కడ అందరూ సీటీ అనే అంటారు. బయటి రిఫరీని పిలిచే స్తోమత లేని రోజుల్లో మొదలైన పద్ధతి ఇది. స్తోమత వచ్చాక కూడా మార్చలేదు.

ఈసారి ఫైనల్‌కు సీటీ జోయెల్ చేతికి వచ్చింది. జోయెల్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. సంతోష్‌నగర్ జట్టుకు గోల్‌కీపర్, కెప్టెన్. రెండో సెమీఫైనల్లో అతని జట్టును మాదన్నపేట ఒక్క గోల్‌తో ఓడించింది. బంతి గీత దాటలేదని జోయెల్ అన్నాడు, దాటిందని రిఫరీ అన్నాడు. రిఫరీ మాట చెల్లింది. ఇప్పుడు అదే మాదన్నపేట, ఉస్మాన్‌గంజ్ హమాలీల జట్టుతో ఫైనల్ ఆడుతోంది.

ఆట మొదలయ్యే ముందు కప్పు కార్యదర్శి వెంకట్రావు జోయెల్‌ను పక్కకు పిలిచాడు. ఏలూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. ఏటా పోటీలకు ముందు ఆదివారం కెప్టెన్లను కూర్చోబెట్టి నియమాలు చెప్పేది ఆయనే.

"చూడు జోయెల్, కమిటీలో సగం మంది బయటి రిఫరీని పెట్టమంటున్నారు. ఈ ఒక్కసారికి ఆగండని నేనే చెప్పాను. ఇవాళ గొడవైతే ఇక నా మాట సాగదు. ఈ పద్ధతి ఇంతటితో సరి."

"లొల్లి ఎందుకైతది సార్?"

"నిన్ను ఓడించినవాళ్లు ఆడుతున్నారు కాబట్టి."

"అందరికీ గదే ఫికర్. నాకు తప్ప," అన్నాడు జోయెల్. మాట్లాడుతున్నంతసేపూ సీటీ తాడును వేలికి చుడుతూ విప్పుతూనే ఉన్నాడు.

మార్కెట్లో కూరగాయలు అమ్మే బుచ్చమ్మ గీత పక్కనే బుట్ట బోర్లించుకుని కూర్చుంది. ఆమెది మాదన్నపేట పక్షం.

"ఏం జోయెలూ, కండ్లద్దాలు తెచ్చినవా? మొన్న నీకు గీత కానరాలే గద!"

"తెచ్చిన అవ్వా. నీ తూకం రాళ్లు గూడ కనవడుతున్నయ్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జోయెల్ సీటీ ఊదాడు.

సగం ఆట వరకూ ఏమీ జరగలేదు. తర్వాత ఉస్మాన్‌గంజ్ గోల్ కొట్టింది. మాదన్నపేట కెప్టెన్ జగదీశ్వర్, కరెంటు ఆఫీసులో లైన్‌మన్, చేయి ఎత్తుకుంటూ వచ్చాడు.

"ఆఫ్‌సైడ్ గద భాయ్?"

"కాదన్నా. నీ బ్యాక్ ఇంకా గోల్ కాడనే ఉన్నడు, సూడు."

జగదీశ్వర్ వెనక్కి చూశాడు. బ్యాక్ అక్కడే ఉన్నాడు. తన చోటికి తిరిగి పోయాడు.

ఆట ఆఖరుకు వచ్చాక జగదీశ్వర్ బంతితో పెనాల్టీ బాక్సులోకి వచ్చాడు. ఉస్మాన్‌గంజ్ గోల్‌కీపర్ కైలాసం ముందుకు ఉరికి అడ్డం పడ్డాడు. బంతి అతని చేతులకు తగిలి మళ్లీ జగదీశ్వర్ ముందుకే వచ్చింది. గోల్ ఖాళీగా ఉంది. ఫౌల్ ఏమైనా జరిగిందేమో చూడాలని జోయెల్ దగ్గరికి పోయాడు. పోవలసినదానికంటే దగ్గరికి, బంతికీ గోల్‌కూ మధ్యకు. జగదీశ్వర్ కొట్టాడు.

జోయెల్ చేతులు లేచాయి. మోకాళ్లు వంచి, గడ్డం దించి, బంతిని పట్టి ఛాతీకి అదుముకున్నాడు. చిన్నప్పటి నుంచి గోల్‌లో నిలబడ్డ మనిషి పట్టినట్టే పట్టాడు.

మైదానంలో అందరూ ఒకేసారి అరిచారు.

"ఏంది భాయ్ ఇది?" జగదీశ్వర్ అతని మీదికి వచ్చాడు. "మొన్నటిదానికి బదలా తీస్కుంటున్నవా?"

"తప్పు నాదే. చేతులు వాటంతటవే లేచినయ్."

"అయితే గోల్ ఇయ్యి."

"ఇయ్యరాదన్నా. రిఫరీ పట్టిండంటే ఆట ఆగినట్టే. పెనాల్టీ బాక్సుల ఆగితే బంతి కీపర్‌కు వదలాలె."

"అంటే తప్పు నీది, నష్టం మాదా?"

"అవ్."

జనం గీత దాటబోతుంటే బుచ్చమ్మ చేయి అడ్డం పెట్టింది. "ఆగుండ్రిరా! ఆట ఇంక ఉన్నది!"

జోయెల్ అందరినీ దూరం జరిపి బంతిని కైలాసం ముందు వదిలాడు. కైలాసం కాలితో తొక్కిపెట్టి అడిగాడు.

"అన్నా, నువ్వు పట్టకుంటే లోపటికే పోతుండె గద?"

"పోతుండె."

కైలాసం వెనక్కి తిరిగి బంతిని తన గోల్‌లోకే తన్నాడు. హమాలీలు తలలు పట్టుకున్నారు. మాదన్నపేట వాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. జోయెల్ సీటీ ఊది మూల జెండా వైపు చేయి చూపించాడు.

"గోల్ కాదు. కార్నర్."

ఈసారి రెండు జట్లూ చుట్టుముట్టాయి. "ఇచ్చేటోడు ఇస్తుండు, తీస్కునేటోడు తీస్కుంటుండు. నడుమ నీకేంది?" అన్నాడు జగదీశ్వర్.

"వదిలిన బంతిని ఒక్కడే తన్నితే గోల్ కాదు. ఇంకొకలకు గూడ తగలాలె. సొంత గోల్ లోపటికి పోతే ఎదుటోళ్లకు కార్నర్. మస్తు మంచి పని చేసినవ్ కైలాసం. కానీ చెల్లదు."

అందరూ వెంకట్రావు వైపు చూశారు. ఆయన కుర్చీలోంచి లేచి గీత దాకా వచ్చాడు.

"కార్నరే. మొన్న ఆదివారం చెప్పాను. అప్పుడు మీరంతా సమోసాల మీద ఉన్నారు."

కార్నర్ తీశారు. జగదీశ్వర్ ఎగిరి తలతో కొట్టాడు. కైలాసం గాలిలోకి లేచి, వేళ్లతో బంతిని బార్ మీదుగా తోశాడు. ఇందాక ఇచ్చింది చెల్లలేదు. మళ్లీ ఇవ్వదలచుకోలేదు. ఇంకాసేపటికి జోయెల్ చివరి సీటీ ఊదాడు. ఉస్మాన్‌గంజ్ గెలిచింది.

హమాలీలు కప్పు ఎత్తుకుంటుంటే జనం అటు చూడలేదు. జోయెల్ కుళాయి దగ్గర సీటీ కడిగి, జగదీశ్వర్ దగ్గరికి నడిచాడు. జగదీశ్వర్ నేల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నాడు. అతను సీటీ తీసుకోకపోతే వచ్చే ఏడు బయటి రిఫరీయే. ఆ సంగతి వెంకట్రావుకు తెలుసు. ఆయన దూరంగానే నిలబడ్డాడు.

"నీ వంతు అన్నా," జోయెల్ చేయి చాపాడు.

జగదీశ్వర్ రెండో లేసు కూడా విప్పాడు.

"ఒకటి చెప్పు. మొన్న సెమీల బంతి గీత దాటిందా, లేదా?"

"దాటలే."

"ఇప్పటికీ గదే మాటనా?"

"ఇప్పటికీ. కానీ రిఫరీ దాటిందన్నడు."

జగదీశ్వర్ అతని మొహంలోకి చూశాడు. చేయి చాపి సీటీ తీసుకుని మెడలో వేసుకున్నాడు.

"ఏం జగదీశూ," గీత అవతలి నుంచి బుచ్చమ్మ అరిచింది, "గీయన చేతులు ఊకోలె. వచ్చే ఏడు నీ కాళ్లు ఊకుంటయా?"

జగదీశ్వర్ సీటీని పెదాలకు ఆనించాడు. పని చేస్తోందో లేదో చూద్దామని ఒకసారి ఊదాడు. కప్పు ఎత్తుకుని ఉరుకుతున్న హమాలీలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.