తొట్టి మీద దుప్పటి

ధర్మవరంలో హనుమంతరాయుడి ఇంట మగ్గం మీద కొత్త అంచు ఎక్కిందంటే, పొరుగు నేతగాడి చెప్పుల చప్పుడు వినబడగానే తల్లి నాగలక్ష్మమ్మ దుప్పటి తెచ్చి కప్పేసేది. వచ్చినాయన మంచినీళ్లు తాగి, వాన సంగతి మాట్లాడి వెళ్లేదాకా ఆ దుప్పటి కదిలేది కాదు. చీర అమ్ముడయ్యేదాకా అంచు ఎవరి కంటా పడకూడదు. ఆ ఇంటి పిల్లలకు ఇది ఒకరు నేర్పాల్సిన పని కాదు.

అలాంటి ఇంటి నుంచి రాయుడు ఎనభై నాలుగులో అనంతపురం వచ్చి ఎం.టెక్.లో చేరాడు. చేరగానే పీజీ విద్యార్థుల సంఘం అతనికొక తోడన్నను చూపించింది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఒక సీనియర్ దారి చూపాలని సంఘం పెట్టుకున్న పద్ధతి అది. రాయుడి వంతుకు కుందుర్పి ఓబుళేసు వచ్చాడు. సంఘం కార్యదర్శి కూడా అతనే. ప్రయోగశాల తాళంచెవి అతని జేబులోనే ఉండేది.

ఇద్దరిదీ ఒకే పని. ఇసుకా బంకమట్టీ కలిపి తొట్టిలో చిన్న కట్ట కట్టి, దాని వెనక నీళ్లు నిలబెట్టాలి. శనివారం సంఘం సభకు ప్రొఫెసర్లు వస్తారు. ఎవరి కట్ట నీళ్లు బాగా ఆపితే, వానల ముందర నల్లమాడ దగ్గర వంకలో దాన్నే నిజంగా కడతారు. రాయుడికి అన్నం తింటున్నా ఆ వంకే కనబడేది.

ఓబుళేసు తొట్టి ఎప్పుడూ తెరిచే ఉండేది. అతని కట్టకు ఎడమ పక్క చెమ్మ ఊరడం రాయుడు మొదట్లోనే చూశాడు. చూసి, ఊరకున్నాడు.

తన తొట్టి మీద మాత్రం సాయంత్రం కాగానే ఇంటి నుంచి తెచ్చుకున్న నూలు దుప్పటి కప్పేవాడు.

"ఏమప్పా, పెండ్లికూతుర్ని దాచినట్ల దాస్తాండావే! మేం చూస్తే దిష్టి తగుల్తాదా?" అని నవ్వేవాడు ఓబుళేసు.

"దుమ్ము పడుతుందని, అన్నా."

ఆ వారమే వింత మొదలైంది. పగలంతా రాయుడి తొట్టిలో, గోడకు గీసుకున్న సుద్దగీత దగ్గర కదలకుండా ఉన్న నీళ్లు, తెల్లారేసరికి వేలెడు కిందికి దిగిపోతున్నాయి. కట్ట చూస్తే పొడిగా ఉంది. మరి నీళ్లెటు పోయినట్టు?

"తాళంచెవి ఎవరి జేబులో ఉండాదో చూసుకో," అన్నాడు హాస్టల్లో పక్కగది ఆదెన్న, బీడీ ఆర్పుతూ. "శనివారం నీ కట్ట ఓడితే ఎవరికి లాభమో అదీ చూసుకో."

ఆ మాట రాయుడి గుండెల్లో ముల్లులా దిగింది. ఓబుళేసు టీ ఇప్పిస్తే ఎందుకిప్పించాడా అనిపించింది. పుస్తకమిస్తే అందులో ఏ పేజీ చింపి ఇచ్చాడా అని తిప్పి చూశాడు.

గురువారం పొద్దున్నే వెళ్లేసరికి తలుపు తీసి ఉంది. ఓబుళేసు దుప్పటి సగం ఎత్తి, తొట్టిలోకి వంగి ఉన్నాడు. చేతులు తడిగా ఉన్నాయి.

"దొరికినావన్నా!" రాయుడు గడప దగ్గరే అరిచాడు. "నా నీళ్లు తోడేస్తాండేది నువ్వే. తోడన్నంట, తోడన్న!"

ఓబుళేసు మొహం ఎర్రబడింది. "నోరు మూసి ఈడికి రా," అని దుప్పటి అంచు చూపించాడు. నడుమ బరువుకు జారిన దుప్పటి నీళ్లలో మునిగి ఉంది. తొట్టి అవతల వేలాడే కొన నుంచి ఒక్కొక్క చుక్కా కింద కాలువలోకి పడుతోంది. "నీళ్లు తాగి బయట కక్కుతాండేది ఇదీ. దీపం వత్తి నూనె లాగినట్ల లాగుతాంది. నీ దొంగను నువ్వే రోజూ కప్పిపోతాండావు."

రాయుడు వేలు పెట్టి చూశాడు. చుక్క పడింది. ఇంకొకటి పడింది.

"నాకు చెప్తే నీకేం లాభం?" అన్నాడు, అయినా నమ్మలేక.

"లాభమా? నీ కట్ట కారితే సభలో మొదట నన్నే అడుగుతారు, తోడన్నవి ఏం చూసినావురా అని. నువ్వు చూడనిస్తే గదా!" తాళంచెవి తీసి బల్ల మీద విసిరాడు. "నీ కాడే పెట్టుకో. రేపు మళ్లా నీళ్లు తగ్గితే నా పేరెత్తొద్దు."

ఆ సాయంత్రం రాయుడు తొట్టిని కప్పలేదు. చేతికి ఏదో మరిచిపోయినట్టే ఉంది. తలుపు దాకా వెళ్లి, రెండుసార్లు వెనక్కి వచ్చి చూసుకున్నాడు.

శుక్రవారం పొద్దున నీళ్లు సుద్దగీత మీదే ఉన్నాయి.

తాళంచెవి ఇవ్వడానికి వెళ్తే ఓబుళేసు తన కట్ట ముందు కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు. రాయుడు తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, నీ కట్ట ఎడమ పక్క చెమరుస్తాండాది. అడుగున బంకమట్టి చాల్లేదు."

ఓబుళేసు ఆ చోట చెయ్యి పెట్టి తడిమాడు. తర్వాత మెల్లగా తలెత్తి చూశాడు.

"ఎన్నాళ్లనుంచి చూస్తాండావురా దీన్ని?"

రాయుడు చొక్కా చేతులు మడుచుకుని, బంకమట్టి తట్ట దగ్గరికి లాగాడు.