బ్యాటింగుకు మొదట దేవకమ్మ

నా భార్య కోమలి పోయినా ఆమె బేస్‌బాల్ జట్టు ఆడుతూనే ఉంది. అది కంప్యూటర్ ఆడించే లీగ్. మనం బ్యాటింగ్ వరుస పెడితే చాలు, ఆదివారం పొద్దున ఫలితాలు వస్తాయి. జట్టు పేరు కాణిపాకం ఉండ్రాళ్లు. ఆటగాళ్లకు కోమలి మా ఇంటివాళ్ల పేర్లే పెట్టింది. ఈ వారం కూడా ఓడితే జట్టును తీసేస్తారు. దాంతోపాటు యజమానిగా ఆమె పేరూ పోతుంది.

నేను వరుస పెడుతుంటే మా అత్త దేవకమ్మ అడ్డుపడింది.

“నా పేరు ఆఖర్న యేసినావేం అల్లుడూ? పెండ్లిలో పెద్దోళ్లని కడా పంక్తిలో కూసోబెడతారా?”

“ఆ దేవకమ్మ ఇంతవరకూ ఒక్క బంతీ కొట్టలేదత్తా.”

“ముందు పిలిస్తే గదా కొట్టేది!”

చివరికి వయసు ప్రకారమే పెట్టాను. అందరికన్నా బాగా కొట్టే పల్లవి ఆఖరుకు పోయింది.

“ఓడిపోతాం నాయనా,” అని మా అమ్మాయి పల్లవి నవ్వింది.

ఆదివారం ఫలితం తనే చదివింది. “ఆఖరి ఇన్నింగ్స్, స్కోరు సమం. దేవకమ్మ... అవ్వా, నువ్వు బంతిని మైదానం దాటించినావు! ఇంక సుట్టూ ఉన్న నాలుగు బేసులూ తాకి పరిగెత్తి వచ్చేస్తే గెలిచినట్టే!”

అత్త కొంగు దోపుకుని నిజంగానే ఇంటి చుట్టూ పరుగు తీసింది.

“యాడికత్తా, కుక్క తరిమిందా?” పక్కింటి కృపామణి కేక వేసింది.

“కాదే, బంతి కొట్టినా!”

పల్లవి ఆమె వెనక పరిగెత్తింది. నేను ఒకసారి తెర వైపు చూశాను. కోమలి పేరు అలాగే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా నేనూ పరిగెత్తాను.